పిడికి తెలిసిన చెయ్యి

కత్తి అలుగు కథలు చరిత్ర పుస్తకాలకెక్కాయి. పిడి కథ అటక మీదే ఉండిపోయింది.

కిందటి సంక్రాంతికి పాత ఇంటి అటక దులుపుతుంటే గోనెపట్టాలో చుట్టిన కొడవలి ఒకటి బయటపడింది. మా నాయనమ్మది. అలుగు అరిగి అరిగి విదియనాటి చంద్రుడిలా సన్నబడిపోయింది. కక్కు ఎక్కడా మిగల్లేదు. పిడి మాత్రం నిగనిగలాడుతోంది. నల్లతుమ్మ చేవ. ఏళ్ళ తరబడి చెమటా, మట్టీ, జొన్నచొప్ప పసరూ తాగి నేరేడుపండు రంగుకొచ్చింది.

పట్టుకుని చూశాను. చేతిలో ఇమడలేదు. నా బొటనవేలు ఆనాల్సిన చోట కర్ర ఉబ్బెత్తుగా ఉంది. గుంట పడిన చోట నా వేలేదీ లేదు. అమ్మనడిగితే, "పాత సామానురా, వంకర పోయుంటుంది" అని కొట్టిపారేసింది. తుమ్మచేవ అంత తేలిగ్గా వంకర పోదు. ఆ గుంట సంగతేమిటో తేల్చుకుందామని బయల్దేరాను. ఆ దారి గిద్దలూరు రాతిపలుగుల నుంచి కారెంపూడి వీరుల గుడి దాకా, కొండవీడు నుంచి వంటింటి కత్తిపీట దాకా తిప్పింది.

పిడి, కామ, మేడి, కాడ

ముందు మాట సంగతి చూద్దాం. పిడి, పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు అన్నీ ఒకే వేరు నుంచి మొలిచినవి. తమిళ, మలయాళాల్లో 'పిడి' అంటే పట్టుకో అని. కన్నడంలో అదే 'హిడి' అయింది. మన వాడుకలో ఆ క్రియ నిలవలేదు గానీ పట్టుకునే వస్తువు పేరుగా నిలిచింది. పట్టిన పట్టు వదలనివాడి మాటను పిడివాదం అంటున్నామంటే అందులోనూ బిగిసిన పిడికిలే ఉంది.

అలాగని ప్రతి పనిముట్టుకీ ఉన్నది పిడి కాదు. రైతుని అడిగి చూడండి. కత్తికీ కొడవలికీ పిడి. గొడ్డలికీ పారకీ కామ. నాగలికి మేడి. గరిటెకి కాడ. ఒకే పని చేసే భాగానికి నాలుగు పేర్లు ఊరికే రాలేదు. పిడి ఒక్క పిడికిట్లో ఇమిడేది. కామకు రెండు చేతులు కావాలి, దెబ్బ వేసేటప్పుడు పై చెయ్యి కిందికి జారాలి, అందుకే అది పొడుగ్గా, నున్నగా ఉంటుంది. మేడిని పట్టుకోవడం కంటే దాని మీద ఒరిగి అదమడం ఎక్కువ. కాడ పని చేతిని వేడికి దూరంగా ఉంచడం. చెయ్యి చేసే పనిని బట్టి పేరు పుట్టింది.

పిడి ఆకారమూ పనిని బట్టే. కొడవలిని మన వైపు లాగుతాం కాబట్టి చెయ్యి జారిపోకుండా పిడి చివర చిన్న గుబ్బ ఉంటుంది. బాకుతో ముందుకు పొడుస్తారు కాబట్టి వేళ్ళు అలుగు మీదికి జారకుండా ముందు వైపు అడ్డు ఉంటుంది. లాగే దానికి వెనక ఆపు, పొడిచే దానికి ముందు ఆపు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఏ మ్యూజియంలో ఏ ఆయుధాన్ని చూసినా అది చెయ్యాల్సిన పని పిడే చెప్పేస్తుంది.

రాయి మిగిలింది, కర్ర పోయింది

నల్లమల అంచున ఉన్న గిద్దలూరు, కంభం ప్రాంతాలు పురావస్తు పరిశోధకులకు బాగా తెలిసిన చోట్లు. కామియాడ్, బర్కిట్ అనే ఇద్దరు పరిశోధకులు 1930లో ఆగ్నేయ భారతంలోని రాతియుగాల గురించి రాసిన వ్యాసంలో ఈ కొండల చుట్టుపక్కల దొరికిన రాతి పనిముట్లను నాలుగు దశలుగా విడగొట్టారు. మొదట అరచేత్తో నేరుగా పట్టుకునే చేగొడ్డళ్ళు. చివరికి వచ్చేసరికి వేలి గోరంత ఉండే సూక్ష్మ రాతిపలుగులు. 1952లో కె.వి. సౌందరరాజన్ గిద్దలూరు దగ్గరి రాతి పరిశ్రమల మీద ప్రత్యేకంగా రాశారు. అప్పటికి గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది.

గోరంత రాతి ముక్కను వేళ్ళతో పట్టుకుని దేన్ని కోస్తారు? అలాంటి ముక్కల్ని వరసగా ఏ కర్ర గాడిలోనో, ఎముక గాడిలోనో జిగురుతో అతికిస్తేనే అది కత్తి అవుతుంది. అంటే చేగొడ్డలి నుంచి సూక్ష్మ పలుగు దాకా జరిగిన పెద్ద మార్పు రాయి చిన్నది కావడం ఒక్కటే కాదు. మనిషి పిడి కనిపెట్టాడు. రాయి మిగిలింది కాబట్టి మనం రాతియుగం అని పేరు పెట్టుకున్నాం. కర్ర మట్టిలో కలిసిపోయింది.

ఈ పక్షపాతం తర్వాత కూడా పోలేదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మన 'ఉక్కు' మాటే నోళ్ళు మారి 'వూట్జ్' అయిందంటారు. 1795లో ఆ ఉక్కు మీద లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ పరిశోధన పత్రం వెలువడింది. తర్వాత ఫారడే అంతటివాడు దాని గుట్టు విప్పాలని కొలిమి రాజేశాడు. అలుగుకు అంత మర్యాద దక్కింది. ఆ అలుగుకు పిడి తొడిగిన వడ్రంగి ఊసు ఎవరూ ఎత్తలేదు.

కొలిమి దగ్గర ఒక పొద్దు

సత్తెనపల్లి నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో ఓ ఊరి మొదట్లో ఇంకా ఒక కొలిమి ఆరకుండా ఉంది. నేను వెళ్ళేసరికి ఒకావిడ కొడవలి పట్టుకుని నిలబడి ఉంది.

"బాబాయ్, పిడి ఊడొచ్చింది. కొత్తది వెయ్యి."

పెద్దాయన కొడవలి అటూ ఇటూ తిప్పాడు. "కొత్తదెందుకమ్మాయ్, కర్ర గట్టిగానే ఉంది. పొన్ను వదిలింది. బొక్క పెద్దదైంది."

"మొన్న నీళ్ళలో నానేశా. రెండ్రోజులు బాగానే ఉండి మళ్ళీ వచ్చేసింది."

"నీళ్ళు తాగిన కర్ర ఎండాక ఊరుకుంటదా? చెయ్యి చూపించు."

ఆవిడ అరచెయ్యి చాచింది. ఆయన తన నాలుగు వేళ్ళు ఆవిడ వేళ్ళ పక్కన పెట్టి చూసుకుని, మూల ఉన్న కర్రముక్కల్లోంచి ఒకటి లాగాడు. చివరికి కొత్త పిడే వేశాడు.

ఎలా వేశాడో చూడాల్సిందే. ముందు బాడిశతో కర్రను చెక్కి, ఆకురాయితో మూలలు అరగదీశాడు. బర్మాతో నడిమధ్య సన్న బెజ్జం వేశాడు. ఆ బెజ్జం కొడవలి తోక కంటే సన్నగా ఉండాలి. కర్ర మూతికి పొన్ను, అంటే ఇనుప కట్టు, దిగ్గొట్టాడు. పిడిలోకి దిగే తోకను మాత్రం కొలిమిలో ఎర్రగా కాల్చి, అలుగును తడిగుడ్డతో పట్టుకుని, తోకను బెజ్జంలోకి దించాడు. బుస్సుమని పొగ. తుమ్మకర్ర కాలిన ఘాటు వాసన. మరో రెండు దెబ్బలతో తోక పూర్తిగా దిగింది. వెంటనే నీళ్ళ తొట్లో ముంచాడు. ఇనుము తన ఇరుకు తనే కాల్చుకుంటుంది కాబట్టి వెంట్రుకవాసి సందు కూడా మిగలదు. చుట్టూ మసిబారిన కర్రకు పురుగు పట్టదు. దెబ్బకు కర్ర చీలకుండా చూసుకునేది పొన్ను. మన రోకలి మూతికీ, ముసలివాళ్ళ చేతికర్ర అడుక్కీ ఉండేది కూడా ఆ పొన్నే.

ఇది మన పల్లెటూరి మోటు పని అనుకుంటే పొరపాటు. జపాన్‌లో కత్తులకు పేరుపడ్డ సకాయ్ పట్టణంలో చేపలు కోసే కత్తులకు పిడి వేసే పద్ధతీ ఇదే. తోకను కాల్చి, మాగ్నోలియా జాతి తేలిక కర్రలోకి దించుతారు. పొన్ను మాత్రం ఇనుముతో కాకుండా గేదె కొమ్ముతో చేస్తారు. ఆ కత్తి ధర వేలల్లో ఉంటుంది. మన కొడవలిది వందల్లో ఉంటుంది.

కర్ర సంగతి అడిగితే పెద్దాయన గంటసేపు చెప్పాడు. నల్లతుమ్మ పొలం గట్ల మీదా, చెరువు కట్టల మీదా దొరుకుతుంది, దెబ్బ ఓర్చుకుంటుంది. అందుకే బండి చక్రాలకూ అదే వాడేవారు. చండ్ర బరువెక్కువ, రోకలికి మంచిది, కొడవలికి వేస్తే మణికట్టు లాగుతుంది. వేపకు పురుగు రాదు. చింతచేవ రాయిలాంటిది, చెక్కేవాడి ఉలి మొండిబారుతుంది. ఏ కర్రయినా పైన తెల్లగా ఉండే భాగం పనికిరాదు, లోపలి చేవే కావాలి. చేవ లేని మనిషి అన్న తిట్టు పుట్టింది ఇలాంటి చోటే. కొట్టిన మొద్దును కొన్నాళ్ళు చెరువులో నానవేసి, నీడన ఆరబెట్టి, అప్పుడు చెక్కేవారట. "ఇప్పుడంత ఓపికెవరికుంది బాబూ, సామిల్లుకెళ్ళి ముక్కలు తెచ్చుకుంటన్నాం" అన్నాడు.

ఒకప్పుడు ఈ పనికి డబ్బులిచ్చేవారు కాదు. కోతలయ్యాక కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు కమ్మరికీ, వడ్రంగికీ మేర పెట్టేవారు. ఏడాది పొడుగునా ఎన్నిసార్లు పిడి ఊడినా ఆ మేరలోనే లెక్క. ఊరి చేతులన్నీ ఆ ఇద్దరికీ గుర్తుండేవి.

కఠారి పట్టిన రాజ్యం

ఇదే నేల మీద వేరే రకం పిడులు కూడా తిరిగాయి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని ముట్టడించాడు. 1514లో కోట లొంగింది. తర్వాత కందుకూరు, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ మీదుగా సేన నడిచి 1515లో కొండవీడు పట్టింది. అప్పటికి ఈ దారిలో పత్తి ఉంది, జొన్న ఉంది. మిరప మాత్రం ఇంకా రాలేదు. అది అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్ళ ఓడల వెంట ఆ తర్వాత వచ్చింది. పొగాకూ అంతే. ఇవాళ గుంటూరు అనగానే గుర్తొచ్చే ఎరుపు ఆ సైనికులు చూడలేదు.

ఆ కాలపు దక్షిణాది సైనికుడి నడుముకు ఉండే ఆయుధాల్లో విలక్షణమైనది కఠారి. మామూలు బాకుకు పిడి, అలుగు ఒకే గీతలో ఉంటాయి. కఠారి పిడి అడ్డంగా ఉంటుంది. రెండు ఇనుప కడ్డీలు సమాంతరంగా, వాటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డపట్టీలు. ఆ పట్టీల చుట్టూ పిడికిలి బిగిస్తే అలుగు వేళ్ళ కణుపుల ముందు నుంచి పొడుచుకు వస్తుంది. పొడవడమంటే పిడిగుద్దు గుద్దడమే, మణికట్టు తిప్పాల్సిన పని లేదు. చేతి బలం, భుజం బలం తిన్నగా మొన మీదికి వెళ్తాయి. కడ్డీలు ముంజేతికి రెండు పక్కలా కాపు కాస్తాయి. విజయనగర కాలపు కఠారులకు పిడికిలి పైభాగాన్ని కప్పే తెరచాపలాంటి ఇనుప రేకు కూడా ఉండేది.

ఈ పిడికి ఎంత పేరంటే, రాయలకు ముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడి బిరుదుల్లో 'కఠారి సాళువ' ఒకటి. తెలుగు నాయక రాజులు ఏలిన తంజావూరులో 16, 17 శతాబ్దాల కఠారులకు యూరప్ నుంచి వచ్చిన అలుగుల్ని కూడా బిగించారు. అలుగు పరాయిది, పిడి మనది. చెయ్యికి అలవాటైన పట్టును మార్చుకోవడానికి ఏ సైనికుడూ ఒప్పుకోడు. తంజావూరు కోట ఆయుధాలు కొన్ని ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. ఉదయగిరి నుంచి రాయలు తెచ్చి విజయనగరంలో ప్రతిష్ఠించిన బాలకృష్ణుడి విగ్రహం చేరింది కూడా అక్కడికే.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మరో రకం పిడులున్నాయి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళు కోసుకునే కత్తి అని చూపించేవి జేడ్ రాతి గదిలో కనిపిస్తాయి. మధ్య ఆసియా నుంచి వచ్చే ఆ నున్నటి రాయి మీద రత్నాలు పొదిగారు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ ఆ పిడుల మీద ఏ వేలి గుంటా లేదు. పని చెయ్యని పిడికి జ్ఞాపకం ఉండదు.

కొణతాలు కదిలే వేళ

పల్నాడులో మాత్రం పిడి పట్టడం ఇవాళ్టికీ ఒక వ్రతం. కార్తీక అమావాస్య వస్తే కారెంపూడిలో పల్నాటి వీరారాధనోత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. పన్నెండో శతాబ్దంలో జరిగిన దాయాదుల పోరు ఈ ఐదు రోజుల్లో మళ్ళీ జరుగుతుంది. వీరాచారాన్ని తరతరాలుగా పాటిస్తున్న కుటుంబాలవాళ్ళు తమ ఊళ్ళ నుంచి ఆయుధాలతో వస్తారు. వాటిని ఆయుధాలు అనరు, కొణతాలు అంటారు. నాగులేట్లో స్నానం చేయించి, పసుపు కుంకుమలు అద్ది, పూలు చుట్టి వీరుల గుడికి తెస్తారు. ఆ పోరులో ఒక పక్షాన్ని నడిపిన బ్రహ్మనాయుడి ఆయుధం నృసింహకుంతానికి అక్కడ దేవుడికి చేసే పూజే.

ఆ గుంపులో నిలబడి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. పూలూ పసుపూ అన్నీ ఇనుముకే. కానీ ఏ కొణతం ఎవరు పట్టాలన్నది మాత్రం వంశాల ఆచారం. అంటే ఇనుము దేవుడిదైతే, పిడి మనిషి హక్కు. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును సేనాపతిని చేశాడన్న కథను వీరవిద్యావంతులనే గాయకులు నేటికీ పాడుతున్నారు. ఎవరి చేతికి కత్తి పిడి అందించాడన్నదే ఆ కథకు ఆయువుపట్టు. చాపకూడులో అందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టిన మనిషి, ఒక్క పిడి మీద కూడా అందరికీ హక్కు ఇచ్చాడని పల్నాడు నమ్మింది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి వీరచరిత్రను అచ్చువేశారు. 1982లో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు గాయకుల నోట విన్న కథను ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చాడు.

పల్నాడు కథలో పిడి లేని కత్తి కూడా ఉంది. కోడి కాలికి దారంతో కట్టే కత్తి అది. అవతలి పక్షాన్ని నడిపిన నాగమ్మకూ, బ్రహ్మనాయుడికీ జరిగిన కోళ్ళ పందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి వెళ్ళాలన్నది షరతు. పట్టుకునే చెయ్యే లేని ఆ చిన్న అలుగు ఒక రాజ్యాన్ని తిరగేసింది.

అడవి ఇచ్చిన కామ

కర్ర ఊరికే వచ్చిన రోజులు ఒకనాటితో ఆగిపోయాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో నల్లమల అంచు ఊళ్ళకు అడవి సర్కారుదైంది. పశువులు మేయాలన్నా, కట్టె తెచ్చుకోవాలన్నా లెక్కా పత్రం మొదలైంది. నాగలికి మేడి, గొడ్డలికి కామ, కొడవలికి పిడి తెచ్చుకునే చోటికి కాపలా వచ్చింది. పల్నాడులో మేపు పన్నుకు పేరు పుల్లరి. దాన్ని కట్టబోమని మించాలపాడులో కన్నెగంటి హనుమంతు నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరి 22న పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ పోరాటాన్ని మేత కోసం జరిగిందనే చెబుతాం, నిజమే. కానీ అడవి మీద హక్కు పోవడమంటే రైతు తన చేతిలోని పనిముట్టులో సగాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి రావడం కూడా.

మన అడవుల నుంచి వేరే పిడులు సముద్రాలు దాటాయి. ఇంగ్లండ్‌లో కత్తులకు పుట్టిల్లు షెఫీల్డ్. అక్కడి వేటకత్తుల పిడులకు ఎంతో గిరాకీ ఉన్న సరుకు భారతదేశపు కణితి కొమ్ము. ఇది ఏటేటా రాలి మళ్ళీ మొలుస్తుంది. లోపల దట్టంగా ఉంటుంది, పైన గరుకు గీతలుంటాయి. నెత్తురు, నీళ్ళు తగిలినా చెయ్యి జారదు. ఆ గరుకుదనమే దాని ధర. ఏనుగు దంతం మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. చూడ్డానికి పాలమీగడ, తడిస్తే జారుడు, అందుకే అది భోజనాల బల్ల కత్తులకు వెళ్ళింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, తర్వాతి సవరణలతో దంతం వ్యాపారానికి, అడవి జంతువుల కొమ్ముల వ్యాపారానికి తలుపులు మూసుకున్నాయి. పెద్దవాళ్ళ ఇళ్ళల్లో ఇంకా మిగిలిన దుప్పికొమ్ము పిడి బాకులు గోడ మీద బిగిసిపోయాయి.

కాలి కింద పిడి

ఇన్ని పిడులు తిరిగొచ్చి మన వంటింట్లోకి వస్తే అక్కడ పిడే లేదు. కత్తిపీట చూడండి. పీటను కాలితో అదిమి పట్టుకుంటే చాలు, కత్తి కదలదు. ప్రపంచంలో ఎక్కువచోట్ల కూర కదలకుండా ఉంటుంది, కత్తి కదులుతుంది. మన ఇళ్ళల్లో కత్తి నిలబడి ఉంటుంది, కూర దాని దగ్గరికి వెళ్తుంది. రెండు చేతులూ ఖాళీ. గుప్పెడు గోంగూర రెండు చేతులా పట్టుకుని ఒక్క తోపులో తరగొచ్చు. కొన్నిటికి మొనకు కొబ్బరి కోరు కూడా ఉంటుంది. పిడి లేకపోవడం కాదు అది, పిడి కాలి కిందికి దిగింది.

దీనికి ఇంకో లాభం ఉందని మా అమ్మ చెప్పింది. మిరపకాయలు తరిగిన చాకు పిడి కారం తాగుతుంది. ఎంత కడిగినా పోదు. మర్నాడు అదే చాకుతో మామిడిపండు కోసి, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే సంగతి తెలుస్తుంది. అందుకని పచ్చిమిరపకాయలకు వేరే చాకు ఉంచుకునేవాళ్ళూ ఉన్నారు. కత్తిపీటకు ఆ గొడవ లేదు.

ఎండాకాలం ఆవకాయ రోజుల్లో బజారులో కాయలు కొట్టేవాళ్ళ దగ్గర మరో రకం చూస్తాం. దిమ్మ మీద ఒక చివర బిగించిన బరువైన కత్తి, రెండో చివర పొడుగాటి పిడి. టెంకతో సహా ముక్క తెగాలంటే మోటుబలం చాలదు, పిడి పొడుగు కావాలి. పోకచెక్కల అడకత్తెరదీ అదే కిటుకు. కాకపోతే దాని పిడుల మీద చిలకలు, గుర్రాలు కూర్చుంటాయి. ఆవకాయ కత్తి ఏడాదికి నెల రోజులు పనిచేస్తుంది కాబట్టి మోటుగా ఉంది. అడకత్తెర రోజూ భోజనం తర్వాత నలుగురి మధ్య తిరుగుతుంది కాబట్టి ముస్తాబైంది.

పామూరు దాటి ఉదయగిరి వెళ్తే పిడి, అలుగు రెండూ చెక్కే. రాయలు ముట్టడించిన దుర్గం కొండల కిందే చెక్క చెంచాలు, ఫోర్కులు, కత్తులు చెక్కే కుటుంబాలున్నాయి. నర్ది, బిక్కి, కలివి, దేవదారి లాంటి అడవి కర్రలు వాడతారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వెన్న రాసుకునే చిన్న చెక్క కత్తిని చేతిలోకి తీసుకుని చూడండి. వెన్నకు తగిలే భాగం నున్నగా వదిలేస్తారు. పర్షియా పోకడలున్న జాలీలు, తీగలు అన్నీ పిడి మీదే. ఒకనాడు కఠారులు మెరిసిన కొండ కింద ఇప్పుడు వెన్నకత్తులు తయారవుతున్నాయి, ఆ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ.

సైకిల్ ట్యూబు కాలం

ఇప్పుడు ఎరువుల దుకాణాల్లో కొడవళ్ళు కట్టలుగా వేలాడుతున్నాయి. పచ్చటి ప్లాస్టిక్ పిడి, అందరికీ ఒకటే సైజు. గొడ్డళ్ళకు కామకు బదులు ఇనుప గొట్టం వెల్డింగు చేసి ఇస్తున్నారు. విరగదు, పురుగు పట్టదు. కానీ రోహిణీకార్తె ఎండలో ఆ గొట్టం పట్టుకున్నవాడికి తెలుస్తుంది. అందుకని దాని చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి చుట్టుకుంటున్నారు. ప్లాస్టిక్ పిడి మీద చెమటకు చెయ్యి జారుతుంటే గుడ్డపేలిక చుడుతున్నారు. ఫ్యాక్టరీ ఇచ్చిన పిడిని తన చెయ్యికి సరిచేసుకునే పని రైతు ఇంకా మానలేదు. ఫిన్లాండులో చలికి చెయ్యి గడ్డకట్టకుండా కత్తి పిడికి బర్చ్ చెట్టు బెరడు వేసుకున్నవాడూ, పల్నాడు ఎండకు ట్యూబు చుట్టుకున్నవాడూ చేసింది ఒకటే పని.

ఆ రోజు కొలిమి దగ్గర అందరూ వెళ్ళాక, నాయనమ్మ కొడవలి తీసి పెద్దాయన చేతికిచ్చాను. అలుగు వంక చూడలేదు. పిడి పట్టుకుని బొటనవేలితో ఆ గుంటను తడిమాడు. తర్వాత కొడవలిని ఎడం చేతిలోకి మార్చుకున్నాడు. గుంట ఆయన బొటనవేలి కింద ఒదిగిపోయింది.

"పుర్రచేతి మనిషి పిడి ఇది" అన్నాడు. "కొని తెచ్చింది కాదు, కక్కు కూడా అవతలి పక్క నుంచి వేసుంటారు. అప్పటి కమ్మరికి చెప్పి చేయించుకుంది."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. నమ్మలేదు. "మీ నాయనమ్మ అన్నం కుడిచేత్తోనే తినేది. దీపం కుడిచేత్తోనే పెట్టేది. పెట్టనిచ్చేవాళ్ళా, ఎడంచేత్తో?" అంది. కాసేపటికి తనే లేచి వచ్చి కొడవలి అందుకుంది. పిడిని ఎడం చేత్తో పట్టుకుని ఆ గుంటలో బొటనవేలు ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.

"పొలంలో ఎవరూ చూసుండరు" అంది.